పీటీఓ ఖాతాలో మిగిలిన డబ్బు ఎవరిది?

ప్రశ్న: టెక్సాస్‌లో మా పిల్లలు చదివే ఎలిమెంటరీ స్కూలు పీటీఓకు (తల్లిదండ్రులు, టీచర్ల సంఘానికి) ఈ ఏడాది నేను ట్రెజరర్‌ని. ఏటా సుమారు 30,000 డాలర్లు వసూలవుతాయి, ఖర్చు అంతకంటే తక్కువే. ఐదేళ్ల కిందట 8,000 ఉన్న నిల్వ ఇప్పుడు 40,000 దాటింది. స్టాక్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో పెడదామని కమిటీలో కొందరు అంటున్నారు. పెట్టవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: వద్దండీ. మార్కెట్ పడిపోయిన ఏడాది కూడా విహారయాత్ర బస్సుల బిల్లు కట్టాల్సిందే. పైగా ఆ నష్టానికి అప్పటి ట్రెజరర్ జవాబు చెప్పుకోవాలి.

ముందుగా ఐదేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, సమావేశాల మినిట్స్ పక్కపక్కన పెట్టుకుని చూడండి. నిల్వ ఇంతగా పెరగడానికి నాకు తోచే కారణాలు రెండు. ఉద్యోగి విరాళానికి కంపెనీ జతచేసే మ్యాచింగ్ సొమ్ము తరచూ నెలల తర్వాత వస్తుంది. ఈలోగా కమిటీ మారిపోతే, కొత్తవారి బడ్జెట్‌లో దాని ఊసే ఉండదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైన తల్లిదండ్రులు ఎక్కువగా ఉన్న స్కూళ్లలో ఇది చిన్న మొత్తం కాదు. రెండోది, ఆటస్థలం కోసమో లైబ్రరీ కోసమో అడిగి తీసుకుని ఖర్చుపెట్టని డబ్బు. అది ఆ పనికే వాడాలి. దాన్ని విడిగా రాసిపెట్టండి.

మిగిలినదానిలో ఆరు నెలల ఖర్చు, మీ లెక్కన 15,000 లోపు, నిల్వ ఉంచితే చాలని నా అభిప్రాయం. శరదృతువులో విరాళాల కోసం చేసే పిల్లల పరుగు, ఫన్ రన్, ఒక ఏడాది దెబ్బతిన్నా తట్టుకోగలరు. దాన్ని ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకు ప్రభుత్వ బీమా) ఉన్న సేవింగ్స్ ఖాతాలో, కొంత స్వల్పకాలిక సీడీలో (గడువు డిపాజిట్‌లో) ఉంచండి. ఆపైన ఉన్నదాన్ని రెండేళ్లలో ఖర్చుచేసే ప్రణాళికకు సభ్యుల ఓటు తీసుకోండి. ఇప్పుడు ఐదో తరగతిలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇన్నేళ్లూ ఇచ్చారు. ఆ పిల్లలు స్కూలు దాటిపోయేదాకా దాచిపెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇంకొకటి, ఇది ఈ వారమే చూడండి. మీ పీటీఓకు 501(సీ)(3) గుర్తింపు, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ హోదా, ఉండి, వార్షిక వసూళ్లు మామూలుగా 50,000 డాలర్లకు మించకపోతే, ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) ఏటా ఫారం 990-ఎన్ అనే చిన్న నివేదికను ఆన్‌లైన్‌లో పంపితే సరిపోతుంది. ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగిస్తే గడువు నవంబరు 15. వరుసగా మూడేళ్లు పంపకపోతే పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుంది, మ్యాచింగ్ కూడా ఆగిపోవచ్చు. ట్రెజరర్లు మారే చోట ఇది తేలిగ్గా మరుగున పడుతుంది. పాత ఫారాలు దొరకకపోతే ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో సంస్థ పేరుతో వెతికి చూడండి.  చెక్కులపై సంతకం చేయని ఒకరు ప్రతినెలా స్టేట్‌మెంట్ సరిచూసేలా కమిటీతో తీర్మానం చేయించండి.