ధ్వనికి ముద్రణ ఏమిటి?

సందేహం: న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్‌లో ఎడిసన్ ప్రయోగశాల మ్యూజియం చూసి, ఫొటోల కింద ‘పురాతన గ్రామఫోనులు, ధ్వనిముద్రణ చరిత్ర’ అని రాశాను. ముద్రణ అంటే అచ్చు కదా, అది పుస్తకాలకే చెల్లుతుంది, ‘రికార్డింగ్’ అనాలి అని ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పారు. ఏది సరి? – ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

సమాధానం: అమ్మా, ధ్వనిముద్రణ అన్న మాటను నిక్షేపంగా ఉంచండి. మీరు మార్చవలసింది ‘పురాతన’ను. నూటపాతికేళ్ళ యంత్రం పురాతనమైతే అమరావతి స్తూపాన్ని ఏమనాలి? ‘పాతకాలపు’ అంటే చాలు. పత్రికలవాళ్ళకు ఈ మధ్య నిన్నమొన్నటి వస్తువులన్నీ పురాతనాలే అయిపోతున్నాయి.

ఇక ముద్ర సంగతి. ముద్ర అంటే మొదట నొక్కి వేసిన గుర్తు. లక్క కరిగించి ఉంగరంతో అదిమితే పడేది ముద్ర. పుస్తకాల అచ్చుకు ఆ మాట తరవాత వచ్చింది. ఈ లెక్కన అసలైన ముద్రణ గ్రామఫోను ప్లేటుదే! గాయకుడు పాడుతుంటే మైనపు పలక మీద సూది గాడి చెక్కేది. ఆ పలకకు లోహపు పూత పట్టించి, దాన్నుంచి ఎదురచ్చు తీసేవారు. వేడికి మెత్తబడిన ముద్దను రెండు ఎదురచ్చుల మధ్య పెట్టి యంత్రంతో అదిమితే రెండు వైపులా పాట పడేది. ఆ ముద్దలో రాతిపొడి, మసి ఉన్నా, వాటిని పట్టి ఉంచింది లక్క. పాట మీద లక్కముద్ర వేశారన్నా తప్పులేదు.

ఈ లక్క అన్న మాట ఉందే, దాని దగ్గర కాసేపు ఆగకుండా ఉండలేను. సంస్కృతంలో లాక్షా, ప్రాకృతంలో లక్ఖా, మనకు లక్క. అమరకోశంలో అమరసింహుడు లాక్షా, రాక్షా, జతు, యావ, అలక్త అని పేర్లు చెబుతూ చివర ‘ద్రుమామయః’ అన్నాడు. ద్రుమానికి ఆమయం, అంటే చెట్టుకు పట్టిన రోగం. చిన్న పురుగులు కొమ్మలను పట్టి, రసం పీల్చి, ఒంటిచుట్టూ కట్టుకునే జిగురే లక్క అని ఆ పేరే చెబుతోంది. పురుగులు లక్షల్లో పడతాయి కాబట్టి లాక్షా అన్నారని ఒక వాదం ఉంది. వినడానికి బాగుంటుంది, నేనైతే పందెం కాయను. అలక్తకం నుంచి మన లత్తుక, అంటే పాదాలకు పూసుకునే ఎర్రరంగు, వచ్చింది. పాండవులను కాల్చబోయిన ఇల్లు లక్కయిల్లు. పిల్లల లక్కపిడతలు, ఏటికొప్పాక బొమ్మల నునుపు, చార్మినార్ పక్కన అమ్మే గాజులు, అన్నీ దీని సంతానమే. శుద్ధి చేసిన లక్కకు ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు షెల్లాక్‌లోని ‘లాక్’ కూడా మన దేశం నుంచి వెళ్ళిన మాటే, సరుకుతోపాటే వెళ్ళింది. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాడినప్పుడు ఆ మైనపు పలకలను జర్మనీలోని హానోవర్‌కు పంపి అక్కడ అచ్చు వేయించారు. పాట చివర ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పుకోవడం ఆ రికార్డుల్లో వినవచ్చు. మన దేశంలోనే ప్లేట్లు అదమడం 1908లో కలకత్తాలో మొదలైంది.

గ్రీకువాళ్ళ మాటలతో కట్టిన పేర్లు వేరే దారి పట్టాయి. ఫోనోగ్రాఫు, గ్రామఫోను రెండింటిలోనూ ఉన్నవి ధ్వని, రాత. ఎడిసన్ 1877లో స్తూపం (అమరావతిది కాదు, సిలిండరు) మీద తగరపు రేకు చుట్టి పలికించింది ఫోనోగ్రాఫు. ఎమిల్ బెర్లినర్ అనే మరో ఆవిష్కర్త 1887లో పళ్ళెం (డిస్కు) వైపు తిరిగి, పేరును తిరగేసి గ్రామఫోను అన్నాడు. కాబట్టి మీ ఫొటోలో స్తూపం ఉంటే ఫోనోగ్రాఫనీ, పళ్ళెం ఉంటే గ్రామఫోననీ రాయండి. ఎడిసన్ సంస్థ కూడా 1912 నుంచి పళ్ళేలు అమ్మింది గానీ వాటిని గ్రామఫోనులనలేదు.

మీ మిత్రుడికి ఒక్క ఆసరా ఉంది. తగరపు రేకు మీద సూది నొక్కు పెట్టేది, అది ముద్రే. తరవాతి మైనపు స్తూపాల మీద చెక్కేది. మొదట్లో నకళ్ళు తీయడం కష్టమై ఒకే పాటను గాయకులు మళ్ళీ మళ్ళీ పాడవలసి వచ్చేది. 1902లో మూసపోత స్తూపాలు వచ్చాక ఆ బాధ తీరింది. ఆ నడిమి కాలపు మైనపు స్తూపాలకు ముద్రణ అనడం కొంచెం సాగదీయడమే.

రికార్డు అన్న మాట మీద నాకు కోపం లేదు. అది తెలుగైపోయింది: రికార్డింగ్ డాన్సు, అరిగిపోయిన రికార్డు, బద్దలైన రికార్డు. ‘ప్లేటు ఫిరాయించాడు’ కూడా ఈ యంత్రం దగ్గర పుట్టినదే కావచ్చు. నాకు పడనిది ‘పాట రికార్డు చేయబడినది’ అన్న వాక్యం. పాడినవాళ్ళు, పట్టినవాళ్ళు ఉండగా ఆ ‘బడు’ దేనికి? ‘పాట రికార్డు చేశారు’ అనండి.

ఫోనులో మాట పట్టి ఉంచడాన్ని ఏమనాలన్నది మీరు అడగలేదు. అక్కడ నొక్కూ లేదు, గాడీ లేదు. మన సినిమా టైటిళ్ళలో కనిపించే ‘శబ్దగ్రహణం’ దానికి బాగా అతుకుతుందని నా అభిప్రాయం. అయితే ధ్వనిముద్రణ అని రాసినవాళ్ళను తప్పుపట్టను, వాడుక ఇప్పటికే అటు మొగ్గింది.