అమ్మమ్మ నిలబడి ఎందుకు తింటుందో అడిగావా?

అమ్మాయ్,

నీ కథ అందింది. "అమ్మమ్మ నేర్పిన జీవిత పాఠాలు" అని పేరు పెట్టావు. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. వాక్యం బాగా నడుస్తోంది, ఆ సంగతి నీకూ తెలిసే ఉంటుంది కాబట్టి దాని గురించి ఇంక రాయను. మూడో పేజీలో ఒక్క లైను మాత్రం నన్ను రెండ్రోజులు పట్టుకుని వదల్లేదు. "అమ్మమ్మ ఇప్పటికీ వంటింట్లో గట్టు పక్కన నిలబడే అన్నం తింటుంది, కంచం చేత్తో పట్టుకుని, గుమ్మం వైపు చూస్తూ." అది రాసిన చేత్తోనే వెంటనే ఏం రాశావో చూసుకో. "ఆమె నిరాడంబరత నాకు ఆదర్శం."

నిరాడంబరత ఏంటమ్మా అది. 18 ఏళ్లు కువైటోళ్ల ఇంట్లో పనిచేసిన మనిషి ఆవిడ. పీట వేసుకుని కూర్చుందామంటే లోపలి నుంచి ఎవరో పిలుస్తారు, లేస్తే మళ్లీ వచ్చేసరికి అన్నం చల్లారిపోతుంది, అందుకని అసలు కూర్చోవడమే మానేసింది. మా అక్క కూడా అంతే, తిరిగొచ్చాక చాలా ఏళ్లు గుమ్మం వైపు చూస్తూనే తినేది. పిలిచేవాళ్లు లేరే అంటే "తెలుసు" అనేది, నిలబడే ఉండేది. నువ్వు అంత మంచి సంగతి పట్టుకున్నావు, పట్టుకున్న వెంటనే దాని మీద నీతి దుప్పటి కప్పేశావు. నాకు కోపం వచ్చింది అందుకే.

నేను ఎవరికి చెప్పినా ఇదొక్కటే చెప్తాను, నీకూ అదే. పాఠం రాయకు, లెక్క రాయి. నీ కథలో "కష్టపడింది" అనే మాట పదకొండు సార్లు ఉంది, లెక్కపెట్టాను. ఒక్క రూపాయి లేదు, ఒక్క దినారు లేదు. ఏజెంటుకి ఎంత కట్టారు? ఎవరి దగ్గర తెచ్చారు, నూటికి రెండా మూడా? ప్రోనోటు మీద సంతకం ఎవరిది? తాకట్టుకి వెళ్లింది పుస్తెలతాడా, దిద్దులా? ఇక్కడ చెప్పిన జీతమెంత, అక్కడికెళ్లాక చేతిలో పెట్టిందెంత? ఆ ఇంట్లో మనుషులెంతమంది, బాత్రూములెన్ని? ఆవిడ పడుకునే గదికి గడియ లోపలుండేదా, బయటుండేదా? ఇవి అడిగితే అమ్మమ్మ బాధపడుతుందని అనుకుంటున్నావేమో, బాధపడదు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదనే ఆవిడ బాధ. మన ఇళ్లలో బయటికెళ్లొచ్చిన ఆడవాళ్లని ఏం తెచ్చావని అడుగుతారు గానీ, ఎంత పోయిందని అడగరు.

మా తాత సంగతి చెప్తాను, ఎందుకింత పట్టుబడుతున్నానో అప్పుడు నీకే తెలుస్తుంది. మా అమ్మ వాళ్ల నాన్న రంగం వెళ్లాడు. అంటే రంగూన్, మన వైపు రంగం అనేవాళ్లు. కాకినాడలో ఓడెక్కి రంగం రేవులో బస్తాలు మోయడానికి, రైసుమిల్లుల్లో పనికి మనవాళ్లు వేలకి వేలు పోయేవాళ్లు, కోరంగి రేవు పేరు మీద అక్కడ మనల్ని కోరంగీలు అనేవాళ్లు కూడా. 1930 మే నెలలో కూలిరేటు పెంచమని మన రేవు కూలీలు సమ్మె కడితే వాళ్ల బదులు బర్మా వాళ్లని పెట్టుకున్నారు. సమ్మె తీరాక బర్మా వాళ్లని పొమ్మన్నారు, దాంతో గొడవలు రేగి ఊరంతా అంటుకుంది, మనవాళ్లు చాలామంది చచ్చిపోయారు. ఇదంతా నేను పెద్దయ్యాక పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది. మా తాత అప్పుడక్కడే ఉన్నాడా? ఎన్ని అణాలకి మోశాడు? మేస్త్రీకి ఎంత బాకీ ఉండేవాడు? మా అమ్మని అడిగితే "చాలా కష్టపడ్డాడే నాన్న" అనేది, అంతే. ఒక మనిషి బతుకంతా అరిగి అరిగి "కష్టపడ్డాడు" అని ఒక్క మాట మిగిలింది మాకు. ఆ ఒక్క మాటతో నేను కథ రాయలేకపోయాను, మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చింపేశాను. మీ అమ్మమ్మ బతికుంది, పక్కగదిలో ఉంది. నీకు ఈ గతి ఎందుకు?

ఇంక మా అక్క. మాది నర్సాపురం, ఇద్దరం లేసు అల్లేవాళ్లం, కళ్లు పోయేలా అల్లినా వచ్చేది చిల్లరే. బావ పోయాక అక్క 1983లో 20 నెంబరు వీసా మీద కువైట్ వెళ్లింది, ఇంటిపని వీసా అది. 18 నెంబరంటే కంపెనీ వీసా, అది మగవాళ్లకి గొప్ప. ఏజెంటుకి 9,000, నూటికి మూడు వడ్డీ. 40 దినార్లని చెప్పి తీసుకెళ్లి 30 ఇచ్చారు. 1985 ప్రాంతంలో దినారంటే మన డబ్బుల్లో సుమారు 40 రూపాయలు, ఆ వడ్డీ తీరి అసలులో పడేసరికి ఎంత కాలం పట్టిందో నువ్వే వేసుకో. మూడేళ్ల పిల్లని మా అమ్మ దగ్గర వదిలి వెళ్లింది.

ఫోన్లు లేవు మాకు. సెలవు మీద ఎవరైనా ఊరొస్తుంటే క్యాసెట్ పంపేది, మాటలు రికార్డు చేసి. ఆ క్యాసెట్లన్నిట్లో వెనకాల ఒకటే నీళ్ల చప్పుడు. రాత్రి అందరూ పడుకున్నాక బాత్రూంలో కుళాయి తిప్పేసి మాట్లాడేది, ఏడుస్తున్నట్టు ఇంట్లోవాళ్లకి వినపడకూడదని. మాకా సంగతి తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు పిల్ల టేప్‌రికార్డర్‌కి చెవి ఆనించి "అమ్మమ్మా, అమ్మ దగ్గర రోజూ వానేనా?" అని అడిగేది. అవునంది మా అమ్మ. ఆ పిల్ల బళ్లో చేరేదాకా కువైట్ అంటే వానలూరని అనుకుంది.

నేను రాసిన మొదటి కథ అదే. ఒక వారపత్రికకి పంపాను, వేశారు, వేసినందుకు 75 రూపాయలు కూడా ఇచ్చారు. చదువుకుందామని తెరిస్తే వాన లేదు. కువైట్ ఎడారి కదండీ, వానేమిటి, పాఠకులు నమ్మరని తీసేశారట. అప్పు, వడ్డీ ఉన్న పేరా "డ్రైగా ఉంది" అని కోసేశారు. ఆఖర్న నేను రాయని నాలుగు లైన్లు వచ్చాయి, "కష్టే ఫలి అన్న పెద్దల మాట అక్క జీవితంలో నిజమైంది" అని. దాని కింద నా పేరు. అక్క సెలవుకొచ్చినప్పుడు ఆ పత్రిక చేతికిచ్చాను. ఆఖరిదాకా చదివి మడిచి నా ఒళ్లో పెట్టి, "ఎవరి కథే ఇది, బాగుంది" అంది. నలభై ఏళ్లవుతోంది, ఆ మాట ఇప్పటికీ నాకు మానలేదు.

అప్పటి నుంచీ చూస్తున్నాను, గల్ఫ్ కథంటే వీళ్లకి రెండే కావాలి. ఉంటే శవపేటిక ఉండాలి, లేకపోతే మేడ ఉండాలి. మధ్యలో నిడో పాలపొడి డబ్బాలో దాచిన చిల్లర, అకామా అనే అక్కడుండే పర్మిటు రెన్యువల్ కాక కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ రోజులు, శుక్రవారం చర్చికి పంపితే ఆ రెండు గంటలే తెలుగు మాట్లాడుకోవడం, ఇవి ఎవరికీ అక్కర్లేదు. పోటీలు పెట్టేవాళ్లకైతే "సందేశం" ఉండాలి, రూల్సులోనే రాస్తారు. ఇప్పుడు కొత్తగా "స్ఫూర్తి" అంటున్నారు. నీ కథలో ఆ వాసన తగిలింది, అది నీది కాదు, ఎక్కడో అంటుకుంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ వాళ్లు కువైట్‌లోకి వచ్చేశారు. అక్క వాళ్ల ఇంటివాళ్లు ఎండాకాలానికి విదేశం వెళ్లున్నారు, అక్క ఒక్కతే ఉంది ఇంట్లో. పాస్‌పోర్టు బాబా, అంటే ఇంటాయన, బీరువాలో, తాళం ఆయన దగ్గర. మనవాళ్లతో కలిసి బస్సెక్కి బస్రా, బాగ్దాద్ దాటి జోర్డాన్ సరిహద్దులో గుడారాల్లో పడుండి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి చేరింది. లక్షా డెబ్బై వేల మంది దాకా అలా వచ్చారు, దాదాపు రెండు నెలల పాటు విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరైనా యుద్ధం గురించి చెప్పమంటే అక్క ట్యాంకుల గురించి చెప్పేది కాదు. "ఐదొందల అరవై" అనేది. 14 నెలల జీతం, నెలకి 40 చొప్పున, ఊరెళ్లేటప్పుడు ఒకేసారి తీసుకోమని బాబా తన దగ్గరే ఉంచుకున్నాడు. తర్వాత ఐక్యరాజ్యసమితి పరిహారం అని వస్తే ఫారాలు నేనే నింపాను. అక్కడి నుంచి వచ్చేసినవాళ్లకి మనిషికి 2,500 డాలర్లు, ఇంకే క్లెయిమూ పెట్టనివాళ్లకి 4,000 అని కట్టారు. ఆ డబ్బు చేతికొచ్చిన రోజున కూడా అక్క, "ఇది యుద్ధానికిచ్చారు, మరి నా జీతం ఎవరిస్తారే" అంది. పోయేదాకా ఆ 560 ఆమె లెక్కలో బాకీగానే ఉంది. ఇందులో నువ్వు ఏం పాఠం తీస్తావు, ఓర్పా? క్షమా?

నీ కథలో ఓర్పు గురించి ఒక పేజీ ఉంది కదా, అక్కడ నా పెన్సిలు విరిగింది. మీ అమ్మమ్మ 2012లో వచ్చేసిందని రాశావు. కువైట్‌లో ఇంటిపని వాళ్లకంటూ చట్టం వచ్చింది 2015లో. రోజుకి 12 గంటలు దాటకూడదు, వారానికొక రోజు సెలవివ్వాలి అని అందులో రాశారు. 2016లో జీతం కనీసం 60 దినార్లని పెట్టారు. అంటే ఆవిడ ఉన్న 18 ఏళ్లూ గంటలకి చట్టంలో హద్దు లేదు, సెలవు వాళ్ల దయ. దాన్ని నువ్వు ఓర్పు అంటున్నావు. ఆవిడకి రావలసినదాన్ని ఆవిడ సుగుణం కింద రాసేస్తే ఇంక బాకీ ఎవరు కట్టాలి? కోపంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు, నువ్వు మంచి పిల్లవి కాబట్టే ఇంత రాస్తున్నాను.

ఏ పత్రికకి పంపాలి, పోటీకి పనికొస్తుందా, ఎన్ని పదాలుండాలి అని అడిగావు. ఇప్పుడు కాదు. అరబ్బీ మాటలకి కింద అర్థాలివ్వాలా అన్నావు, వద్దు. కుబ్బూస్ అంటే మన జిల్లాలో తెలియనివాళ్లెవరు, తెలియకపోతే పక్కింట్లో అడుగుతారు. ఆవిడ "మామా" అంటే ఇంటావిడ అని కథలోనే తెలియాలి.

ఇంకొక్కటి, అసలు దీని కోసమే ఉత్తరం మొదలుపెట్టాను, ఎక్కడెక్కడికో వెళ్లిపోయాను. నాలుగో పేజీలో అమ్మమ్మ పెట్టెలో ఫోటో ఉందన్నావు, కువైటోళ్ల పిల్లాడు ఆవిడ చంకలో. "ఆ పిల్లాడిని సొంత బిడ్డలా పెంచింది" అని రాశావు. మరి సొంత బిడ్డేది? మీ అమ్మ నీ కథలో లేదు, పన్నెండు పేజీల్లో ఒక్కచోట కూడా లేదు. అమ్మమ్మ నర్సాపురంలో రైలెక్కిన రోజున మీ అమ్మకి ఎన్నేళ్లు? ఎవరింట్లో పెరిగింది, పెద్దమనిషి అయినప్పుడు పక్కన ఎవరున్నారు, ఆ ఫోటో చూస్తే ఆవిడకి ఏమనిపిస్తుంది? మా అక్క కూతురికి ఇప్పుడు నలభై అయిదేళ్లు దాటాయి, వాన పడితే కిటికీలు మూసేస్తుంది. ఎందుకని నేను అడగలేదు ఇంతవరకూ, నాకు ధైర్యం చాల్లేదు.

ఆ పిల్లాడి పేరేంటో అమ్మమ్మని అడుగు. మీ అమ్మని కూడా అడుగు, ఇద్దరూ వేరేవేరేగా ఉన్నప్పుడు. సంక్రాంతి లోపు మళ్లీ రాసి పంపు. కాగితం మీదే పంపు, ఫోన్లో చదివితే కళ్లు మండుతున్నాయి. అమ్మమ్మ పాస్‌పోర్టు ఉంటే దాని జిరాక్సు కూడా పెట్టు, పుట్టిన తేదీ చూడాలి నేను.