ఎన్నారై సందేహాలు: ఏప్రిల్ ఎండను చూసి బెండ గింజలు వేయవచ్చునా?

కొత్తగా న్యూజెర్సీకి వచ్చి పెరడున్న ఇంట్లో దిగిన మనవాళ్ళు, ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాయగానే నన్ను అడిగే ప్రశ్న ఇది. వద్దనే చెబుతాను. ఉగాది వెళ్ళిపోయింది, ఎండా వచ్చింది అని మనసు తొందరపెడుతుంది గాని, గింజ మొలకెత్తడానికి కావలసింది నేలలోని వెచ్చదనం. ఇక్కడ ఏప్రిల్ చివరి వరకు, కొన్ని చోట్ల మే మధ్య దాకా, మొక్కను మాడ్చే మంచు కురిసే రాత్రులుంటాయి. బెండ, గోంగూర, సొర, బీర గింజలు చల్లని తడి నేలలో మొలవకుండానే కుళ్ళిపోతాయి. మొదటి ఏడాది నేను వేసిన బెండ గింజల్లో ఒక్కటీ పైకి రాకపోతే, తప్పంతా విత్తనాలదే అనుకున్నాను. ఇప్పుడైతే వరుసగా నాలుగైదు రోజులు ఉదయాన్నే రెండంగుళాల లోతున థర్మామీటరు గుచ్చి చూసి, అది 65 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాకే గింజలను రాత్రంతా నానబెట్టి వేస్తున్నాను.

అమెరికా వ్యవసాయ శాఖ చలి తీవ్రతను బట్టి ప్రాంతాలకిచ్చిన 'జోన్ 7' వంటి సంఖ్యను చూసి నాటే తేదీని లెక్కగట్టేవారూ ఉన్నారు. ఆ సంఖ్య శీతకాలంలో ఉష్ణోగ్రత ఎంత కిందికి పడిపోతుందో మాత్రమే చెబుతుంది. ఏళ్ళ తరబడి నిలిచే చెట్లకు అది పనికివస్తుంది గాని, వంకాయకు కాదు. మీ ఊళ్ళో చివరి మంచు సాధారణంగా ఎప్పుడు పడుతుందో తెలుసుకోండి.

వంగ, మిరప నారును మాత్రం ఆ తేదీకి ఎనిమిది వారాల ముందే ఇంట్లో పోసుకోవాలి. కిటికీ వెలుతురు చాలక కాడలు సన్నగా సాగి వాలిపోతాయి కాబట్టి, మొక్కలకు రెండు మూడు అంగుళాల ఎత్తున ఎల్‌ఈడీ దీపం వేలాడదీసి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలగనివ్వండి. నాటే ముందు వారం పది రోజుల పాటు, మొదట గంటసేపు నీడలో, తరువాత మెల్లగా ఎండలో, నారును బయటి గాలికి అలవాటు చేయాలి. ఈ పనిలో బద్ధకిస్తే ఆకులు తెల్లబడి మాడిపోతాయి. రాత్రి చలి 50 డిగ్రీలకు దిగువనుంటే మిరప బతికినా ఎదగదు. అంతవరకు మడులు ఖాళీగా ఉంచనక్కరలేదు, మెంతికూర, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి ఏప్రిల్ చలికి జంకవు.

ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల చేత గింజలు తెప్పించుకోవాలనుకునేవారికి ఒక మాట: విత్తనాలకు చీడపీడలు లేవని అక్కడి ప్రభుత్వమిచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికేటు ఉండాలి, విమానాశ్రయంలో వాటి సంగతి చెప్పి తీరాలి. వచ్చినవాటిలో చిక్కుడు ఉంటే ఆశ తగ్గించుకోండి. మన చిక్కుడు రకాలు చాలావరకు పగటి పొద్దు కురచయ్యాకే పూస్తాయి; పిందె పట్టేసరికి ఇక్కడ అక్టోబరు మంచు కాచుకొని ఉంటుంది. ఆ పందిరి బీరకు ఇవ్వండి.