డీఎన్‌ఏకి అతుక్కునే అణువు నాన్నగారి జబ్బుకి పనికొస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 49 ఏళ్లు. చేతులూ భుజాలూ వాటంతటవే కదిలిపోతుంటే టెస్టులు చేయించాం, హంటింగ్టన్ జబ్బు అన్నారు. రిపోర్టులో సీఏజీ రిపీట్లు 43 అని ఉంది. డీఎన్‌ఏకి అతుక్కుని ఈ రిపీట్లను తగ్గించే అణువు ఉందని చదివాను. అదెలా పనిచేస్తుంది, మాకు దొరుకుతుందా? తమ్ముడేమో ‘డీఎన్‌ఏ రిపేర్’ క్యాప్సూల్స్ ఆన్‌లైన్‌లో తెప్పిస్తానంటున్నాడు.
– పేరు రాయొద్దన్న పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు తమ్ముడిని ఆపండమ్మా. ఆ క్యాప్సూల్స్‌కీ మీరు చదివినదానికీ ఏ సంబంధమూ లేదు.

మీరు చదివిన అణువు మాత్రం నిజంగానే ఉంది. పేరు నాఫ్తిరిడిన్-అజాక్వినోలోన్, పొట్టిగా ఎన్‌ఏ అంటారు. జపాన్‌లో ఒసాకా యూనివర్సిటీకి చెందిన కజుహికో నకతాని, కెనడాలో టొరంటోకి చెందిన క్రిస్టఫర్ పియర్సన్ బృందాలు కలిసి దీని ఫలితాలను 2020లో ‘నేచర్ జెనెటిక్స్’లో ప్రచురించాయి.

అదెలా పనిచేస్తుందో తెలియాలంటే చొక్కా గుండీలు గుర్తు చేసుకోండి. గుండీలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి తొందరలో ఒకటి తప్పి పెట్టేస్తాం, అప్పుడు ఒకవైపు గుడ్డ ఉబ్బి బయటికి వస్తుంది. డీఎన్‌ఏలో సీఏజీ, సీఏజీ అని అవే మూడక్షరాలు వరసగా ఉన్నచోట (వీటినే రిపీట్లు అంటారు, ఇవి మరీ ఎక్కువైతే వచ్చేదే హంటింగ్టన్) కూడా రెండు పోగులూ విడిపోయి మళ్లీ కలిసేటప్పుడు ఇలాగే వరస తప్పి, ఒక పోగు మడత పడి ఉబ్బుతుంది. ఆ మడతలో సీకి ఎదురుగా జీ సరిగ్గానే కూర్చుంటుంది గానీ, ఏకి ఎదురుగా మళ్లీ ఏ వస్తుంది, అది జత కుదరదు. కణంలోని రిపేర్ ప్రొటీన్లు ఈ ఉబ్బును చూసి సరిచేయబోయి, చాలాసార్లు దాన్ని కూడా లోపలికి కలిపేసుకుంటాయి. రిపీట్ల లెక్క ఇంకొంచెం పెరుగుతుంది.

ఎన్‌ఏ వెళ్లి కూర్చునేది సరిగ్గా ఆ జత కుదరని చోటే. అణువులో ఒక భాగం జీని పట్టుకుంటుంది, రెండోది ఏని పట్టుకుంటుంది, జీకి జతగా ఉన్న సీ బయటికి తిరిగిపోతుంది. అది కత్తెర కాదు, దేన్నీ కోయదు. ఉబ్బు మీద ఆ రిపేర్ జరగకుండా అడ్డుపడుతుంది, దాంతో రిపీట్లు పెరగడానికి బదులు తగ్గుతూ వస్తాయి. డోక్సోరూబిసిన్ లాంటి క్యాన్సర్ మందులు కూడా డీఎన్‌ఏకి అతుక్కుంటాయి, కానీ అవి మామూలు డీఎన్‌ఏలో కూడా దూరిపోతాయి. ఇది మడత ఆకారాన్ని చూసి పట్టుకుంటుంది, అందుకే ఈ జబ్బుకి మూలమైన హెచ్‌టీటీ జన్యువు రెండు ప్రతుల్లో (అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి) పొడవు పెరిగినదాని మీదే పనిచేసింది, మామూలు పొడవున్నది అలాగే ఉంది. నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది ఇదే.

రక్తంలో 43 అని వచ్చినా మెదడులో స్ట్రయేటమ్ అనే చోట ఉన్న కణాల్లో ఆ లెక్క ఏళ్లతరబడి పెరుగుతూనే ఉంటుంది. చాలా కణాల్లో అది సుమారు 150 దాటాకే అసలు దెబ్బ మొదలవుతుందని 2025లో అమెరికా పరిశోధకులు చూపించారు. అంటే ఆ పెరుగుదలను ఆపగలిగితే చాలా ఏళ్లు చేతికొస్తాయి, ఈ దారి మీద నాకు అంత నమ్మకం అందుకే.

కానీ ఇప్పటికైతే ఇది మందు కాదమ్మా. పేషెంట్ల నుంచి తీసిన కణాల్లోనూ, ఎలుకల్లోనూ పనిచేసింది, ఎలుకలకి కూడా నేరుగా మెదడులోకే సూదితో ఎక్కించారు. మింగితే మెదడు దాకా చేరే మాత్ర కాదు. నాన్నగారి కదలికలు తగ్గించడానికి టెట్రాబెనజిన్ లాంటి మందులున్నాయి, న్యూరాలజిస్టుని అడగండి, అవి కొందరిలో దిగులు పెంచుతాయి కాబట్టి ఆయన మనసెలా ఉందో ఇంట్లో గమనిస్తూ ఉండండి.

మీరు అడగలేదు గానీ, మీకూ తమ్ముడికీ ఒక్కొక్కరికీ ఈ పొడవు పెరిగిన జన్యువు వచ్చే అవకాశం సగానికి సగం. టెస్టు చేయించుకోవాలా వద్దా అన్నది ఎవరిది వాళ్లే తేల్చుకోవాలి, ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడాకే రక్తం ఇవ్వండి. తమ్ముడు ఆ క్యాప్సూల్స్ కోసం వెతుకుతున్నది కూడా నాన్నగారి కోసం ఒక్కటే కాదేమో, ఓసారి కూర్చోబెట్టి అడగండి.