పిల్లల చదువా, మన రిటైర్మెంటా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు 44 ఏళ్లు, మా వారికి 48. ఆయనది ప్రైవేటు ఉద్యోగం, 60కి రిటైర్మెంట్, పెన్షన్ లేదు. ఇంటి లోన్ ఇంకో ఆరేళ్లు కట్టాలి. మా పెద్దమ్మాయి వచ్చే ఏడాది కాలేజీలో చేరుతుంది. రిటైర్మెంట్ కోసమని ఇన్నాళ్లూ దాచినదంతా తీసి ఫీజులు కట్టేద్దాం, మన సంగతి తర్వాత చూసుకోవచ్చు అంటున్నారు ఆయన. వద్దంటే పిల్ల చదువు కన్నా డబ్బే ఎక్కువైందా అంటారేమోనని నోరు మెదపలేకపోతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మాట్లాడండి, ఫీజు కట్టే రోజు దాకా ఆగకుండా ఈ వారమే మాట్లాడండి. మీ భయంలో స్వార్థమేమీ లేదు. మీరిద్దరూ చేతిలో ఏమీ లేకుండా 60కి చేరితే ఆ భారం చివరికి వెళ్లి పడేది ఆ పిల్ల మీదే, అదీ తనకి సొంత సంసారం, సొంత అప్పులు మొదలయ్యే వయసులో.

అయితే మంచీ చెడూ అంటూ మొదలుపెడితే అది గొడవలోకే పోతుంది కాబట్టి, ఇద్దరూ ఒక కాగితం ముందు పెట్టుకుని కూర్చోండి. పోయిన ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి మొత్తం ఖర్చు రాయండి, గుర్తున్నది కాదు, నిజంగా ఖర్చయినది. అందులోంచి ఇంటి ఈఎమ్‌ఐ, పిల్లల ఫీజులు, ఆఫీసుకి వెళ్లిరావడానికి అయ్యేది తీసేయండి, ఎందుకంటే అవి 60 తర్వాత ఉండవు. మందులకి, ఆసుపత్రికి కొంత కలపండి, ఆ ఖర్చు మాత్రం తప్పకుండా పెరుగుతుంది. ఇప్పుడు మిగిలిన అంకె 100 అనుకుందాం.

72ని ఏటా పెరిగే శాతంతో భాగిస్తే ఎన్నేళ్లకి రెట్టింపవుతుందో సుమారుగా తెలుస్తుంది. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతాయనుకుంటే, 72ని 6తో భాగిస్తే 12, అంటే 12 ఏళ్లకోసారి ఖర్చు రెట్టింపవుతుంది. ఇవాళ 100తో గడిచే ఇల్లు ఆయనకి 60 వచ్చేసరికి 200 అడుగుతుంది, 72కి 400, 84కి 800. కొత్తగా ఒక్క వస్తువు కొనకపోయినా, ఇప్పుడు బతుకుతున్నట్టే బతికినా ఇంతే. చాలా ఇళ్లల్లో ఈ ఒక్క లెక్క వేయకపోవడం వల్లే, ఫర్వాలేదు మన దగ్గర బాగానే ఉంది అనే ధీమా వస్తుంది.

మరి ఎంత కావాలి? 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు అక్కడి పాత మార్కెట్ లెక్కలన్నీ తిరగేసి ఒక మాట చెప్పాడు: రిటైరైన మొదటి ఏడాది మొత్తం సొమ్ములో 4 శాతం తీసుకుని, తర్వాత ఏటా ధరలు పెరిగినంత మేర పెంచుకుంటూ పోతే, షేర్లూ బాండ్లూ దాదాపు సగం సగం ఉన్న సొమ్ము కనీసం 30 ఏళ్లు వస్తుందని. దాన్ని తిప్పి చూస్తే, 100ని 4తో భాగిస్తే 25 కాబట్టి, చేతిలో ఏడాది ఖర్చుకి 25 రెట్లు ఉండాలి. అది ఒక్క దేశపు అనుభవం, ధరలు అంతకన్నా వేగంగా పెరిగే చోట సరిపోకపోవచ్చు, అందుకే నేనైతే 25ని కనీసంగానే చూస్తాను. మీ విషయంలో 60 నాటి ఖర్చు 200, దానికి 25 రెట్లు 5,000. అంటే ఇవాళ్టి ఏడాది ఖర్చుకి 50 రెట్లు!

ఈ అంకె చూడగానే గుండె జారుతుంది, తెలుసు. కానీ ఇప్పటికే దాచింది కూడా పెరుగుతుంది కదా. ఏడాదికి 9 శాతం వస్తుందనుకుంటే ఇవాళ ఉన్న 100 పన్నెండేళ్లలో దాదాపు 281 అవుతుంది. మీ వారికి చూపించాల్సింది సరిగ్గా ఇదే. ఇవాళ ఫీజు కోసం 100 తీస్తే, మీ ముసలితనం నుంచి 281 తీసినట్టు. ఎడ్యుకేషన్ లోన్‌కీ వడ్డీ కట్టాలిగా అని ఆయన అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. వడ్డీ ఉంటుంది, ఒక్కోసారి మీ సొమ్ము మీద వచ్చేదాని కన్నా ఎక్కువే ఉంటుంది. తేడా ఏమిటంటే ఆ లోన్ తీర్చడానికి అమ్మాయికి ముప్పై అయిదేళ్ల సంపాదన ఉంటుంది, మీ వారికి మిగిలింది పన్నెండేళ్లు.

కాబట్టి చదువుకి ఇంత ఇవ్వగలం అని ఇద్దరూ ఒక అంకె అనుకోండి, అది నెల నెలా జీతంలోంచి వచ్చేదిగా ఉండాలి, పైన పడేది లోన్. కాలేజీ ఎంచుకోకముందే ఆ అంకె అమ్మాయికి చెప్పండి. పదిహేడేళ్ల పిల్లకి ఇంటి లెక్క అర్థమవుతుంది, దాచిపెడితేనే తర్వాత బాధపడుతుంది. ఇంటి లోన్ తీరిన మర్నెలే ఆ ఈఎమ్‌ఐ సొమ్ము మొత్తం, ఇంటి ఖర్చులో కలిసిపోకముందే, పొదుపులోకి వెళ్లేలా ఇప్పుడే నిర్ణయించుకోండి, ఆఖరి ఆరేళ్లు మీకు అదే పెద్ద బలం. ఆయన ఆరోగ్యం, ఇష్టం ఉండి మరో రెండేళ్లు ఏదైనా పని చేస్తే రెండు వైపులా లాభం, సొమ్ము రెండేళ్లు ఎక్కువ పెరుగుతుంది, రెండేళ్లు తక్కువ కాలం తినాలి.

ప్రశ్న: బంధువొకాయన మాటకి కాదనలేక ఇన్సూరెన్స్ పాలసీలు తీసుకున్నాను. ఇరవై ఏళ్లు కడితే చివర్లో మంచి మొత్తం వస్తుంది, మధ్యలో నాకేమైనా అయితే ఇంటికి రక్షణ అన్నారు. ఇప్పటికి తొమ్మిదేళ్లు కట్టాను. ఇవి లాభమా, నష్టమా?

జవాబు: మీ పాలసీ కాగితాలు నా దగ్గర లేవు కాబట్టి లెక్క ఎలా చూసుకోవాలో చెబుతాను. ఏడాదికి 100 చొప్పున 20 ఏళ్లు కట్టి చివర్లో 3,300 వచ్చిందనుకోండి. 2,000 కడితే 3,300, అరవై అయిదు శాతం లాభం అని ఏజెంటు చెబుతాడు. నిజానికి అది ఏడాదికి దాదాపు నాలుగున్నర శాతం మాత్రమే, ధరలు 6 శాతం పెరుగుతుంటే ఆ మొత్తంతో కొనగలిగేది ఏటా కొంచెం కొంచెం తగ్గిపోతున్నట్టే. ఇక రక్షణ సంగతంటారా, మీరు లేకపోతే ఇంటికి వచ్చే మొత్తం మీ ఎన్నేళ్ల ఖర్చుకి సరిపోతుందో చూడండి, ఇలాంటి పాలసీల్లో అది చాలా సార్లు రెండు మూడేళ్లకి మించదు.

అలా అని కోపంతో రేపే సరెండర్ చేయకండి, అంటే మధ్యలోనే పాలసీ వదిలేసి వచ్చినంత తీసుకోకండి. ముందు ఒక టర్మ్ పాలసీ (చివర్లో డబ్బు తిరిగి రాకుండా, మనిషి పోతేనే ఇంటికి మొత్తం ఇచ్చే పాలసీ) తీసుకోండి, అది చేతికి వచ్చేదాకా పాతది కదిలించొద్దు, ఎందుకంటే ఈ మధ్యలో ఆరోగ్యంలో ఏదైనా తేలితే కొత్తది ఇవ్వకపోవచ్చు. తర్వాత కంపెనీని మూడు అంకెలు రాతపూర్వకంగా అడగండి: ఇవాళ సరెండర్ చేస్తే ఎంత, కట్టడం ఆపి పెయిడప్‌గా (ఇప్పటిదాకా కట్టినదానికి తగ్గ తక్కువ మొత్తంతో కొనసాగేలా) ఉంచితే చివర్లో ఎంత, పూర్తిగా కడితే ఎంత. మిగిలిన పదకొండేళ్ల ప్రీమియం వేరేచోట పెడితే ఏమవుతుందో దాంతో పోల్చండి. ఇప్పటిదాకా కట్టేశాం కదా అనే బాధని ఈ లెక్కలోకి రానివ్వకండి. అన్నట్టు, కొన్ని పాలసీల్లో ఆఖరి ఏళ్లకి వచ్చేసరికి కొనసాగించడమే మేలవుతుంది, అందుకే అందరికీ ఒకే జవాబు చెప్పను.

ప్రశ్న: పోయిన నెల రిటైరయ్యాను. చేతికి ఒకేసారి పెద్ద మొత్తం వచ్చింది. అంతా షేర్ మార్కెట్ ఫండ్లలో పెట్టమంటాడు మా అబ్బాయి. నాకు ఎఫ్‌డీ తప్ప వేరేదాని మీద నమ్మకం లేదు. ఎవరు చెప్పింది సరి?

జవాబు: మీవాడు చెప్పేది ముప్పై ఏళ్ల కుర్రాడికి దాదాపు సరిపోతుంది. మీకు కాదు. మీరిప్పుడు పెట్టడమే కాదు, ఏటా తీస్తారు కూడా. మొత్తం 100 ఉంది, ఏడాదికి 5 తీస్తారు, మొదటి ఏడాదే మార్కెట్ 30 శాతం పడిందనుకోండి: 70 అయింది, అందులోంచి 5 తీస్తే 65. మళ్లీ 100 కావాలంటే దాదాపు 54 శాతం పెరగాలి, ఈలోపు మీరు తింటూనే ఉంటారు. సంపాదించే వయసులో ఇదే పతనం వస్తే తక్కువ ధరకి ఇంకొన్ని యూనిట్లు దొరికాయనుకోవచ్చు. రిటైరైన తొలి అయిదారేళ్లలో వస్తే కోలుకోవడం కష్టం.

కానీ మొత్తం ఎఫ్‌డీలో పెట్టినా గండం తప్పదు, నెమ్మదిగా వస్తుంది అంతే: ధరలు పెరిగేకొద్దీ ఆ సొమ్ము చాలకుండా పోతుంది. మీకు ఇంకో పాతికేళ్లు గడవాలి. అందుకే మూడు నాలుగేళ్ల ఖర్చు వేరు తీసి బ్యాంకులో, డిపాజిట్లలో ఉంచండి. ఇంకొంత మంచి బాండ్లలో, ఖచ్చితమైన వడ్డీ వచ్చేవాటిలో. మిగిలిన ఒక మూడో వంతు, పదేళ్ల దాకా ముట్టుకోనిది, ఖర్చులు తక్కువ తీసుకునే ఇండెక్స్ ఫండ్లలో (మార్కెట్ సూచీలో ఉన్న కంపెనీల షేర్లనే కొనే ఫండ్లలో), అదీ ఒక్కరోజే కాకుండా ఏడాదిన్నర పాటు విడతలుగా. మార్కెట్ పడినప్పుడు డిపాజిట్ల నుంచి తినండి, ఫండ్ల జోలికి వెళ్లకండి.

మొదటి ఆరు నెలలు ఎవరికీ అప్పుగా ఇవ్వకండి, సొంతవాళ్లకైనా సరే. ఎక్కువ వడ్డీ అంటూ తలుపు తట్టేవాళ్లు ఇప్పుడు చాలామంది వస్తారు. సంతకం పెట్టే ముందు ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని ఒక రాత్రి ఉంచుకుంటానని చెప్పండి, దానికి ఒప్పుకోని మనిషికి డబ్బు ఇవ్వాల్సిన పని లేదు.

ప్రశ్న: నాన్న పోయాక ఆయన డబ్బు ఎక్కడెక్కడ ఉందో అమ్మకి ఏమీ తెలియడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆయన బ్యాంకు పాస్‌బుక్కుల్లో గత రెండేళ్ల ఎంట్రీలు ఒక్కొక్కటీ చూడండి. ఏటా ఒకే తేదీకి కట్ అయ్యేది ప్రీమియం కావచ్చు, మూడు నెలలకోసారి జమ అయ్యేది ఎఫ్‌డీ వడ్డీ కావచ్చు. పాత ఈమెయిళ్లు, పన్ను రిటర్నులు కూడా చాలా చెబుతాయి. మరణ ధ్రువీకరణ పత్రం కాపీలు ఎక్కువ తీసి ఉంచుకోండి, ప్రతి చోటా అడుగుతారు. ఈ పని మొత్తం అమ్మ పక్కన కూర్చుని చేయండి, ఆవిడ బదులు చేయకండి. ఖాతాలు ఆవిడ పేరు మీదకి మారే రోజే కొత్త నామినీ పేరు కూడా రాయించి, దేనికి ఎవరి పేరు ఉందో ఒక పుస్తకంలో ఆవిడ చేతే రాయించండి.