ఫోన్‌లో వీడియో పక్కకు పొంగిపోతుంటే

అన్నా, అమీర్‌పేట టిఫిన్ సెంటర్ పేజీలో యూట్యూబ్ వీడియో ఫోన్‌లో కుడివైపు తెగిపోతోందన్నావు కదా. ఎంబెడ్ కోడ్‌లో (వీడియోను పేజీలో పెట్టే కోడ్) విడ్త్ 560, హైట్ 315 అని ఉంటాయి. 360 పిక్సెళ్ల తెరలో 560 ఎక్కడ పడుతుంది!

సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని దిద్దే కోడ్) ఐఫ్రేమ్‌కి, అంటే వీడియోను చూపించే చట్రానికి, విడ్త్ 100%, హైట్ ఆటో, యాస్పెక్ట్ రేషియో (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 16/9 ఇవ్వు. మూడూ ఉండాలి. విడ్త్ ఒక్కటే మారిస్తే హైట్ 315 దగ్గరే ఆగి, పైనా కిందా నల్లపట్టీలొస్తాయి. రేషియో లేకుండా హైట్ ఆటో పెడితే ఐఫ్రేమ్ 150 పిక్సెళ్లకు కుంచించుకుపోతుంది, ఎందుకంటే ఫొటోలా దానికి సొంత కొలత ఉండదు. నిలువు షార్ట్స్ అయితే 9/16. పెద్ద తెరల్లో మరీ సాగకుండా మ్యాక్స్ విడ్త్ 800 పిక్సెళ్లు చాలు.

2021కి ముందటి సఫారీకి (యాపిల్ బ్రౌజర్) యాస్పెక్ట్ రేషియో తెలియదు. అక్కడ పాత చిట్కానే దిక్కు: చుట్టూ ఒక డివ్ (పెట్టెలాంటి హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్), దానికి పొజిషన్ రిలేటివ్, హైట్ 0, ప్యాడింగ్ బాటమ్ 56.25%; లోపలి ఐఫ్రేమ్‌కి పొజిషన్ యాబ్సల్యూట్, టాప్, లెఫ్ట్ 0, విడ్త్, హైట్ 100%.