టెక్ సందేహాలు: సర్వర్ పక్క గదిలోనే ఉన్నా డొమైన్ దొరకదేం?

ప్రశ్న: మాది చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి ఆఫీసు. ఒక విండోస్ సర్వర్, డజనుకు పైగా సిస్టమ్‌లు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సగం సిస్టమ్‌లలో డొమైన్ (సిస్టమ్‌లన్నీ చేరిన ఆఫీసు లాగిన్ వ్యవస్థ) దొరకడం లేదని మెసేజ్ వస్తోంది. లాగిన్ అయ్యేలోపు టీ తాగి రావచ్చు. ఇన్‌వాయిస్‌లున్న షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోదు. ఇంటర్నెట్ మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది. సర్వర్ ఐపీకి పింగ్ కూడా వెళ్తోంది. సర్వీసు చేసే అతను సర్వర్ మార్చమంటున్నాడు. మార్చాలా?

వద్దు. కొత్త సర్వర్ తెచ్చినా ఇదే గొడవ. తుపాన్ల కాలం వచ్చిందంటే ఒంగోలు నుంచి, కావలి నుంచి, కందుకూరు నుంచి ఇదే ప్రశ్న వస్తుంది, ఆఫీసు పేరు మాత్రమే మారుతుంది. ఐపీతో దొరికేది పేరుతో దొరకడం లేదంటే చూడాల్సింది డీఎన్ఎస్, అంటే పేరు అడిగితే ఐపీ చెప్పే సర్వీసు. ఏ సిస్టమ్‌లోనైనా అడాప్టర్ సెట్టింగ్‌లు తెరవండి. మొదటి డీఎన్ఎస్‌గా మీ సర్వర్ ఐపీ, రెండోదిగా 8.8.8.8 (గూగుల్ నడిపే బయటి డీఎన్ఎస్) కనబడితే దొంగ దొరికినట్టే.

అది పెట్టినతని లెక్క ఏమిటంటే, సర్వర్‌కు తెలియని పేరైతే రెండోదాన్ని అడుగుతుందని. విండోస్ అలా అడగదు. మొదటిది అసలు పలకకపోతేనే రెండోదాని దగ్గరికి వెళ్తుంది. ఆ రెండోది పలికిందా, కాసేపటిదాకా దాన్నే పట్టుకుని ఉంటుంది. కరెంటు రాగానే మీ సిస్టమ్‌లు నిమిషంలో లేస్తాయి. సర్వర్‌కు చాలాసేపు పడుతుంది. ఈలోగా సిస్టమ్ వెళ్లి బయటి డీఎన్ఎస్‌ను మీ డొమైన్ ఎక్కడని అడుగుతుంది. మీ ఆఫీసు లోపలి పేరు దానికెలా తెలుస్తుంది? ‘అలాంటి పేరు లేదు’ అంటుంది. అదీ జవాబే కాబట్టి సిస్టమ్ ఇంకెవరినీ అడగదు.

అందుకని సిస్టమ్‌లలో సర్వర్ ఐపీ ఒక్కటే ఉంచండి. రెండోది కావాలంటే రెండో డొమైన్ కంట్రోలర్, అంటే డొమైన్ లాగిన్‌లు చూసే మరో సర్వర్ పెట్టుకోండి. బయటి అడ్రసు ఉండాల్సిన చోటు సర్వర్‌లోని డీఎన్ఎస్ ఫార్వర్డర్లు (తనకు తెలియని పేర్లను సర్వర్ ఎవరిని అడగాలో రాసే చోటు), ఇంకెక్కడా కాదు. సిస్టమ్‌లకు ఐపీలు పంచే డీహెచ్‌సీపీలోనూ ఇదే సరిచేయండి, లేకపోతే చేత్తో మార్చినవన్నీ వృథా. సర్వర్ ఆగితే అప్పుడు ఇంటర్నెట్ కూడా ఆగుతుంది కదా అంటారు. ఆగుతుంది. దానికి మందు యూపీఎస్, 8.8.8.8 కాదు.

ఇదంతా చేసినా తగ్గకపోతే ఐపీకాన్ఫిగ్‌కు ‘ఆల్’ జోడించి కొట్టి, డీఎన్ఎస్ వరుస మొత్తం చదవండి. ఎఫ్ఈ80తో మొదలయ్యే అడ్రసు ఉంటే అది మీ ఫైబర్ రౌటర్. మీకు చెప్పకుండానే ఐపీవీ6లో తననే డీఎన్ఎస్‌గా ప్రకటించుకుంటోంది. దాన్ని రౌటర్‌లోనే ఆపండి. ఇంకొకటి, సర్వర్ గడియారం. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి టైము 5 నిమిషాలకు మించి తేడా వస్తే కెర్బెరోస్ (డొమైన్ లాగిన్‌ను సరిచూసే పద్ధతి) లాగిన్ ఒప్పుకోదు. డీఎన్ఎస్‌ను తిట్టుకుంటూ కూర్చుంటారు.

లాగిన్ ఆలస్యం నిజానికి చిన్న బాధ. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. డీఎన్ఎస్‌లో పేరు దొరకనప్పుడు విండోస్ ఊరుకోదు. ఎల్ఎల్ఎమ్ఎన్ఆర్, నెట్‌బయోస్ అనే పాత పద్ధతుల్లో ఆ నెట్‌వర్క్‌లో ఉన్న అందరినీ ‘ఈ పేరు గలవారెవరు?’ అని కేకేసి అడుగుతుంది. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లాడు ‘నాన్నా’ అని ఏడుస్తుంటే ఎవడో వచ్చి ‘నేనేరా’ అన్నాడనుకోండి, అంతే సంగతి. ఆఫీసు వైఫైలోకి దూరిన ఒక్క ల్యాప్‌టాప్ ‘ఆ సర్వర్ నేనే’ అంటే చాలు, మీ సిస్టమ్ పాస్‌వర్డ్ తాలూకు ఎన్‌టీఎల్ఎమ్ హాష్‌ను (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గుర్తును) దానికి పంపేస్తుంది. ఆ హాష్‌ను తీరిగ్గా ఇంట్లో కూర్చుని విప్పుకోవచ్చు. పాస్‌వర్డ్ ఊరిపేరూ 123 అయితే తీరిక కూడా అక్కర్లేదు. విప్పకుండానే అప్పటికప్పుడు మరో సర్వర్‌కు చూపించి లోపలికి వెళ్లే పద్ధతీ ఉంది. మీ డీఎన్ఎస్ ఎంత చెడితే ఈ కేకలు అంత ఎక్కువ. తప్పుగా టైప్ చేసిన షేర్ పేరుకూ ఇదే వరస.

గ్రూప్ పాలసీలో (సర్వర్ నుంచి అన్ని సిస్టమ్‌లకూ ఒకేసారి సెట్టింగ్‌లు పెట్టే చోటు) డీఎన్ఎస్ క్లయింట్ కింద మల్టీకాస్ట్ నేమ్ రిజల్యూషన్‌ను, అంటే ఆ ఎల్ఎల్ఎమ్ఎన్ఆర్‌నే, ఆపే పాలసీ ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చేయండి. నెట్‌బయోస్‌ను అడాప్టర్‌లో విన్స్ ట్యాబ్ నుంచి తీసేయండి. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, స్కానర్లు దానిమీదే నడుస్తుండొచ్చు కాబట్టి ముందు ఒక సిస్టమ్‌లో చూసుకోండి. ఎస్ఎమ్‌బీ సైనింగ్ (షేర్డ్ ఫోల్డర్ల రాకపోకలకు సంతకం వేసే ఏర్పాటు) తప్పనిసరి చేయండి. కొనుగోలుదారులకు ఇచ్చే వైఫై వేరే ఉండాలి. బ్లాకు చూడటానికి వచ్చినవాడికి మీ సర్వర్ ఉన్న నెట్‌వర్క్‌తో పనేమిటి?

ఇక ఆ ఫైబర్ పెట్టెల సంగతి. ఇల్లూ ఆఫీసూ ఒకటే అనుకుని తయారుచేస్తారు. బిగించడానికి వచ్చిన కుర్రాడు సర్వర్ ఉందా అని అడగడు, రౌటర్ డీహెచ్‌సీపీ ఆన్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ అలాగే వదిలి, స్పీడ్ టెస్ట్ చూపించి బండెక్కుతాడు. దాంతో ఆఫీసులో ఇద్దరు ఐపీలు పంచుతుంటారు, ఎవరిది ముందు అందితే వాళ్లదే రాజ్యం. యజమానులేమైనా తక్కువా? లక్షలు పోసి సర్వర్ కొంటారు, ఏ ఐపీ ఏమిటో ఒక్క కాగితం మీద రాయించుకోరు. సెట్ చేసినవాడు బెంగళూరు వెళ్లిపోయాక వెతుకుతారు.

ప్రశ్న: నెల్లూరులో రొయ్యల మేత డీలర్లం. మా వెబ్‌సైట్ అన్నిచోట్లా తెరుచుకుంటుంది, మా ఆఫీసులో తప్ప.

సర్వర్ డొమైన్‌కూ వెబ్‌సైట్‌కూ ఒకే పేరు పెట్టారు. ఆ పేరుకు తానే పెద్దననుకుని మీ సర్వర్ బయట అడగదు. లోపలి డీఎన్ఎస్‌లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పేరుతో ఒక ‘ఏ’ రికార్డు (పేరుకు ఐపీ చూపే నమోదు), మీ వెబ్‌సైట్ ఐపీతో చేర్చండి. పేరు మీదే కాబట్టి ఇంతటితో పోయింది. మీది కాని పేరు పెట్టుకునేవాళ్ల ల్యాప్‌టాప్‌లు ఇంటికి వెళ్లి ఆ పేరును ఇంటర్నెట్‌లో వెతుకుతాయి, దాని అసలు యజమాని తలుపు తడతాయి. ఇలాంటి భయంతోనే 2020లో, ఎన్నో ఆఫీసులు లోపల వాడుకునే ‘కార్ప్’తో కలిసిపోయే కార్ప్.కామ్ అనే పేరును మైక్రోసాఫ్ట్ స్వయంగా కొనేసింది. కొత్తగా పెట్టుకునేవాళ్లు సొంత డొమైన్ కింద ‘ఏడీ’ లాంటి ఉపపేరు తీసుకోండి. సొంతది లేకపోతే .ఇంటర్నల్ ఉంది, 2024లో ఇంటర్నెట్ పేర్లను చూసే సంస్థ ఐకాన్ దాన్ని ప్రైవేటు వాడకానికి వదిలేసింది.